కర్త లేని కార్లు



చాలాకాలానికి మళ్ళీ ఇక్కడికి వచ్చాను. ఛందస్సును గూర్చి మొదలుపెట్టిన వ్యాసాల వరుస సగంలో ఆగిపోయిందని నిష్ఠూరమాడిన మిత్రులు మరికొంత ఓర్పు వహించాలి. ఈ టపా ఉత్పలమాలను గూర్చి కాదు, మోటారు కారును గూర్చి. తెలుగు పండితుడికీ మోటారు కారుకీ ఏమి సంబంధమని మీరు అడుగవచ్చు. నిజమే, నాకు కారు లేదు, నడపడమూ రాదు. 31 యేండ్ల ఉద్యోగంలో ముందు సైకిలు, ఆ తరువాత బస్సు; నా వాహనయోగం అంతే. అయితే నాకు తగవు వచ్చినది వాహనం దగ్గర కాదు, వాక్యం దగ్గర. వాక్యం నా వృత్తి కనుక నోరు విప్పుతున్నాను.

మా చెల్లెలి కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. చిన్ననాటినుండీ వాడికి కార్లంటే ప్రాణం. అక్షరాలు దిద్దే వయస్సులో పలకమీద ‘అ’ వ్రాయమంటే ‘అంబాసడరు’ బొమ్మ గీసేవాడు. మా బావగారు పోయిన తరువాత ఆయన వాడిన తెల్ల అంబాసడరును అమ్మవేద్దామని ఇంట్లో అందరూ అనుకొంటే, వాడొక్కడే అడ్డుపడి దానిని తన దగ్గరికి తెచ్చుకొన్నాడు. అంతవరకు నాకు సంతోషమే. తండ్రి వస్తువును కాపాడుకొనే కొడుకును ఎవరు తప్పుపట్టగలరు?

గత సంవత్సరం జనవరి 1న వాడు ఒక వ్రతం పట్టాడు. దినానికొక్క ఛాయాచిత్రం. విషయం పాత కారు. తనదే కావచ్చు, వీధిలో కనబడిన మరొకరిది కావచ్చు. డిసెంబరు 31 దాకా ఒక్కనాడైనా తప్పకుండా తీశాడు. జ్వరం వచ్చిన దినాన దుప్పటి కప్పుకొని గేటుదాకా నడచి, వానలో తడుస్తున్న బానెట్టును తీసి మళ్ళీ పడుకొన్నాడట. 365 చిత్రాలు. సంక్రాంతికి మా యింటికి వచ్చినప్పుడు అన్నీ వరుసగా చూపించాడు. రెండు గంటలు పట్టింది.

వాడి పట్టుదలను నేను మనసారా మెచ్చుకొన్నాను, ఇప్పుడూ మెచ్చుకొంటున్నాను. నిత్యవ్రతమంటే ఏమిటో మనవంటి వ్రాతగాళ్ళకు తెలియనిది కాదు. దినానికొక పద్యం వ్రాస్తానని ప్రతిజ్ఞ చేసి, పదునొకండవనాడు మానివేసినవాణ్ణి నేను. కాబట్టి ఎవరైనా ఒక పనిని యేడాది పొడుగునా తప్పక చేశారంటే వారికి మనస్సులో చేతులు జోడిస్తాను.

ఈ వ్రతానికి పూర్వులు కూడా ఉన్నారు. అమెరికాలో జేమీ లివింగ్‌స్టన్ అనే ఆయన 1979 మార్చి 31న పోలరాయిడ్ కెమెరాతో దినానికొక్క బొమ్మ తీయడం ఆరంభించి 1997 అక్టోబరు 25 వరకు, అంటే 18 యేండ్లకు పైగా సాగించాడు. ఆ చివరి తేదీ ఆయన 41వ పుట్టినరోజు. క్యాన్సరుతో ఆయన మరణించినదీ ఆనాడే. పోయిన తరువాత మిత్రులు ఆ బొమ్మలన్నిటినీ తేదీల వారీగా పేర్చి లోకానికి చూపారు. వాటిలో చాలావరకు విశేషమైన దృశ్యాలు కావు. స్నేహితులు, తిండి, గది, వీధి, చివరకు ఆసుపత్రి. విడిగా చూస్తే ఒక్కొక్కటి సామాన్యమైన బొమ్మే. వరుసగా చూచినప్పుడు మాత్రం ఒక మనిషి బ్రతుకు కండ్ల ముందు నడచిపోతుంది.

మా వాడి వరుసను చూస్తున్నప్పుడు నాకు అట్లా అనిపించలేదు. మొదట ఎందుకో బోధపడలేదు. నూరు బొమ్మలు దాటిన తరువాత తెలిసింది: ఎక్కడా మనిషి లేడు.

అడిగాను. “అది నా నియమం మామయ్యా,” అన్నాడు. “ఫ్రేములో మనిషి పడకూడదు. మనిషి ఉంటే చూపు మనిషి మీదికే పోతుంది. కారు అందం కారుదిగానే కనబడాలి.” ఎవరైనా అడ్డం వస్తే జరగమంటాడు, లేదా వారు వెళ్ళేదాకా కాచుకొని ఉంటాడు. అప్పటికీ మూలలో ఎవరి భుజమో చెయ్యో పడితే ఫోనులోనే వ్రేలితో రుద్ది మాయం చేస్తాడు. ఆ సదుపాయం ఇప్పుడు చాలా ఫోనులలో ఉన్నదట. రుద్దినచోట గోడ ఎట్లా ఉంటుందో యంత్రమే ఊహించి పూడుస్తుందట. నాకు చేసి చూపించాడు. రెండు క్షణాలలో ఒక మనిషి పోయి సున్నపుగోడ వచ్చింది. వాడికి అది వినోదం. నాకు వెన్నులో చలి పుట్టింది.

ఇక్కడినుండి నా తగవు.

దసరా నాటి బొమ్మ చూడండి. అంబాసడరుకు బంతిపూల దండ, గాజుకు పసుపు కుంకుమల బొట్లు, ముందు చక్రం క్రింద నిమ్మకాయ, ప్రక్కన పగిలిన గుమ్మడికాయ. రంగులు కన్నుల పండువగా ఉన్నాయి. గుమ్మడికాయ కొట్టినవాడు లేడు. దండ గ్రుచ్చినది ఎవరు? తెల్లవారుజామున లేచి బండి కడిగినది ఎవరు? మరొక బొమ్మలో బానెట్టు తెరిచి ఉన్నది. లోపల ఇంజను తళతళ మెరుస్తున్నది. అంచు మీద పానాలు చిన్నదానినుండి పెద్దదాని వరకు వరుసగా పేర్చి ఉన్నాయి. ఆ పానా పట్టే చేయి లేదు.

తరగతిలో పిల్లలకు ప్రయోగాలు చెప్పేటప్పుడు నేను ఒక మాట అనేవాణ్ణి. ‘రాముడు రావణుని చంపెను’ అంటే కర్తరి. ‘రావణుడు రామునిచేత చంపబడెను’ అంటే కర్మణి. వ్యాకరణం రెండింటినీ ఒప్పుతుంది గాని, రెండవది తెలుగు నుడికారానికి అంతగా పొసగదు, అవసరమైతే తప్ప వాడవద్దని చెప్పేవాణ్ణి. ఒక తుంటరి విద్యార్థి లేచి, “మాస్టారూ, మరి ఆఫీసు కాగితాలన్నీ కర్మణిలోనే ఎందుకుంటాయి?” అని అడిగాడు. “కర్తను దాచవలసి వచ్చినప్పుడు అది పనికి వస్తుంది నాయనా,” అన్నాను. ‘నిధులు వ్యయం చేయబడినవి.’ ఎవరు చేశారో అడుగరాదు. ‘దరఖాస్తు తిరస్కరింపబడినది.’ తిరస్కరించినవాడి పేరు ఉండదు.

మా వాడి 365 చిత్రాలు 365 కర్మణి వాక్యాలు. కారు కడుగబడినది. ఇంజను విప్పబడినది. దండ వేయబడినది. పని అంతా కనబడుతున్నది, పని చేసినవాడు మాత్రం ‘చేత’ అనే విభక్తితో సహా ఎగిరిపోయాడు.

ఈ మాట అప్పుడే వాడితో అన్నాను. నవ్వి, “మీరు దేనినైనా వ్యాకరణంలోకి లాగుతారు మామయ్యా,” అన్నాడు. నేనూ నవ్వి ఊరుకొన్నాను. ఆ నవ్వుతో ఈ సంగతి ముగిసిపోయి ఉంటే మీ ముందుకు తెచ్చేవాణ్ణి కాను.

వాడి కారును బాగుచేసే మెకానిక్ ఒకాయన ఉండేవాడు. నగరంలో ఒక సందు చివర రేకుల షెడ్డు. అందరూ ‘ఉస్తాద్’ అని పిలిచేవారు. నేను ఒకసారి చూశాను. ఖాకీ చొక్కా, చెవిలో పెన్సిలు, గోళ్ళలో ఎన్నటికీ పోని నల్లటి గ్రీజు. ఇంజను శబ్దం వింటూ కండ్లు మూసుకొనేవాడు, సంగీతం వినేవాడి మాదిరి. మా వాడి చిత్రాలలో 40 దాకా ఆ షెడ్డులో తీసినవే. ప్రతిసారీ మా వాడు, “ఉస్తాద్, జర పక్కకు జరగండి,” అనడం. ఆయన చేతిలోని పని ఆపి, గుడ్డతో చేతులు తుడుచుకొంటూ గోడవారగా నిలుచోవడం. చిత్రం అయిన తరువాత మళ్ళీ వచ్చి బానెట్టు క్రింద తల దూర్చడం. నలుబది మార్లు జరగమన్నాడు, నలుబది మార్లూ ఆయన జరిగాడు.

మొన్న మాఘమాసంలో ఆయన గుండెపోటుతో పోయాడు. మూడోనాడు ఆయన కొడుకు మా వాడిని వెదుక్కొంటూ వచ్చాడు. “అన్నా, నువ్వు షెడ్డుల మస్తు ఫోటోలు తీసినవు గద. మా నాన్న పని చేస్తున్నది ఒక్కటుంటే ఇయ్యవా? దశదినకర్మకు ఫ్రేమ్ కట్టిస్తా. ఇంట్ల ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప ఇంకోటి లేదు.”

మా వాడు ఆ రాత్రంతా వెదికాడు. తుది చిత్రాలు తప్ప మిగిలినవన్నీ జాగా చాలక ఎప్పటికప్పుడు చెరిపివేసే అలవాటు వాడిది. చివరకు ఒక్కదానిలో దొరికాడు. చక్రం మీది నికెలు కప్పులో ఒక ప్రతిబింబం. వంకర తిరిగిన ఖాకీ ఆకారం, గోరంత తల, పక్కకు సాగిన చెయ్యి. ముఖం లేదు. ఆ బొమ్మను ఆ కుర్రవాడికి చూపించాడు. వాడు కొంతసేపు చూచి, “పర్లేదన్నా,” అని వెళ్ళిపోయాడట.

ఈ సంగతి నాకు ఫోనులో చెప్పినది మా వాడే. చెప్పి, చాలాసేపు మాట్లాడలేదు. వాడు చెడ్డవాడు కాడు. ఆ కుటుంబానికి చేయగలిగిన సాయం చేశాడు. నా తగవు వాడి హృదయంతో కాదు, వాడి నియమంతో. ఆ నియమం వాడొక్కడిదే కాదు కూడా. మెరిసే కారును, ఖాళీ రోడ్డును, సాయంకాలపు ఎండను పేర్చి, అందులోనుండి మనిషిని ఊడ్చివేయడం కారు చిత్రాలకు ఒక సంప్రదాయమై కూర్చొన్నది. అది మొదట వ్యాపార ప్రకటనలు నేర్పిన విద్య అని నా అభిప్రాయం. అమ్మేవాడు కారు ఖాళీగా ఉంచుతాడు, కొనేవాడు తన్ను అందులో ఊహించుకోవాలి గనుక. అమ్మకానికి లేని కారును, తండ్రి కూర్చొని నడిపిన కారును కూడా ప్రకటన మాదిరిగా తీయడమెందుకు?

“కారు మోజుకూ మనుషుల గోలకూ పొత్తు కుదరదు” అనేవారికి ఒక ఉదాహరణ చెబుతాను. ఫ్రాన్సులో జాక్ హెన్రీ లార్తీగ్ అనే ఆయన 1894లో పుట్టి 1986 వరకు జీవించాడు. సంపన్నుల బిడ్డ. బాల్యంలోనే చేతికి కెమెరా వచ్చింది. కార్లు, విమానాలు, వేగం అంటే పిచ్చి. తన దినాలను బొమ్మలుగా తీసి ఆల్బములలో అంటించి, డైరీలు వ్రాసికొంటూ జీవితమంతా గడిపాడు. మా వాడి వ్రతానికి ఈయననే మూలపురుషుడనవచ్చు. 1963లో న్యూయార్కులోని ఆధునిక కళా సంగ్రహాలయం ఆయన బొమ్మలను ప్రదర్శించిన తరువాత గాని లోకానికి పెద్దగా తెలియలేదు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బది దగ్గరపడింది.

ఆయన బొమ్మలలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఒక పందెపు కారుది. 1912 నాటిదని చాలాకాలం చెప్పుకొన్నారు. కారు దూసుకొని పోతున్నది. ఆ నాటి కెమెరాలో తెర చీలిక మెల్లగా కదులుతుంది గనుక, పటం ఒక కొసనుండి మరొక కొసకు కొంచెం కొంచెంగా పడుతుంది. అంతలో కారు ముందుకు జరిగిపోయింది. కారును వెంబడించి ఆయన కెమెరాను కూడా త్రిప్పాడు. దానివలన చక్రం అండాకారమై ముందుకు వాలింది, ఒడ్డున నిలబడి చూచేవారూ స్తంభాలూ వెనుకకు వాలాయి. కారు ముందుభాగం చట్రంలో పడనే లేదు. మా వాడి నియమాల ప్రకారం అది చెరిపివేయవలసిన బొమ్మ. కాని నూరేండ్లు దాటినా వేగమంటే ఆ బొమ్మే చూపిస్తారు.

ఆ బొమ్మలో నాకు ముఖ్యమైనది వేరొకటి. ఆ కారులో ఇద్దరున్నారు. ఆ కాలపు పెద్ద పందెాలలో నడిపేవాడి ప్రక్కన మెకానిక్ కూడా కూర్చొనేవాడు. దారిలో చక్రం పగిలినా, ఇంజను మొరాయించినా చూచుకోవలసినది అతడే. 1920ల నడుమ ఆ పద్ధతి ఆగేవరకు గెలుపులో, అపాయంలో, కొన్నిసార్లు మరణంలో కూడా అతనికి భాగం ఉండేది. కారంటే ప్రాణమిచ్చే ఆ లార్తీగ్ మెకానిక్‌ను జరగమనలేదు. అననవసరమూ రాలేదు. ఆయన మిగిలిన బొమ్మలలోనూ అంతే: అన్న తయారుచేసిన చక్రాల బండి ఉంటే దాని మీద అన్న ఉంటాడు.

ఇక వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది: కళాకారుడికి స్వేచ్ఛ ఉన్నది, శిల్పాన్ని తీసేవాడు శిల్పిని కూడా తీయాలా? అక్కరలేదు. ఒక్క బొమ్మలో మనిషి లేడని నేను తగవు పెట్టుకోను. పది బొమ్మలలో లేకపోయినా పెట్టుకోను. కాని దినదినమూ మనిషిని జరిపి, కాచుకొని, మిగిలినవాడిని వ్రేలితో రుద్ది, యేడాది పొడుగునా ఒకే పని చేస్తే దానిని యాదృచ్ఛికమని ఎట్లా అంటాం? నిత్యవ్రతం గొప్పదనమే దానికి ప్రమాదం కూడా. ఒకనాటి పొరపాటు పొరపాటుగానే ఉంటుంది. 365 నాళ్ళ పొరపాటు సిద్ధాంతమవుతుంది.

రెండవది: అంబాసడరు స్వయంగా చరిత్ర, దానిని భద్రపరచడం చాలదా? ఇంగ్లండు వారి మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర మొదలై, కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 మే వరకు తయారైన బండి అది. చరిత్రే, కాదనను. అయితే కర్మాగారం మూతపడిన తరువాత కూడా ఆ బండి ఎట్లా కదులుతున్నది? సొంతబండికి 15 యేండ్లు దాటితే రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి, ఆ తరువాత అయిదేండ్లకొకసారి అదే తంతు. ప్రతిసారీ బండి పరీక్షకు నిలవాలి. దొరకని భాగాన్ని మరొక బండినుండి విప్పి తెచ్చి, అరగదీసి, అమర్చి, దానిని నిలబెడుతున్నది సందుల్లోని ఉస్తాదులు. విజయవాడ ఆటోనగరుకు వెళ్ళి చూడండి, చేతులంటే ఏమిటో తెలుస్తుంది. 2014 తరువాత రోడ్డు మీద తిరుగుతున్న ప్రతి అంబాసడరూ ఎవరో ఒక మెకానిక్ చేతివ్రాత. చేతివ్రాతను చూపిస్తూ చేతిని దాచడం భద్రపరచడమా?

ముంబయిలో ప్రీమియర్ పద్మిని టాక్సీలు 2023 అక్టోబరులో రోడ్డు మీదినుండి పూర్తిగా తప్పుకొన్నాయి. ఆ నలుపు పసుపు బండ్ల బొమ్మలు ఎన్నో మిగిలాయి. నడిపినవారు తమ సీట్లకు వేయించుకొన్న పూల గుడ్డలు, అద్దానికి కట్టుకొన్న బొమ్మలు లేకపోతే ఆ బండి బొమ్మకు ఏమి మిగులుతుంది? రేకు, రంగు.

మూడవది బలమైన ఆక్షేపణ: పనివాళ్ళను తీయడం వారి అనుమతి లేకుండా వారి మర్యాదకు భంగం కాదా? బీదరికాన్ని బొమ్మలు చేసి మెప్పు పొందడం అంతకంటె పాపం కాదా? అవును, కాగలదు. దీనిని నేను త్రోసిపుచ్చను. కాని దానికి మందు జరగమనడం కాదు, అడగడం. “ఉస్తాద్, మీ బొమ్మ తీయనా?” అన్న నాలుగు మాటలు. వద్దంటే వద్దు. 40 మార్లు జరగమనగలిగిన నోటికి ఒక్కసారి అడగడం బరువా? వారి మర్యాద కోసమే తీయలేదని ఇప్పుడు చెప్పడం తరువాత దొరికిన సాకు మాత్రమే.

ఇంత వ్రాసిన తరువాత నా సంగతి కూడా చెప్పకపోతే నేను కూడా కర్మణి ప్రయోగం చేసినవాణ్ణవుతాను. మా పాఠశాలలో ప్రతి సంవత్సరం పదవ తరగతి పిల్లలతో గ్రూపు ఫోటో తీయించేవాళ్ళం. కుర్చీలు ఎవరికి ఏ వరుసలో వేయాలో నిర్ణయించేది నేనే. పండితుడిని కదా, క్రమం తెలిసినవాణ్ణి! ఆ కుర్చీలు మోసి తెచ్చి వేసినది మా అటెండరు. గంట కొట్టేది, తాళాలు తీసేది, కుండలో నీళ్ళు నింపేది కూడా ఆయనే. ఫోటోగ్రాఫరు సిద్ధం కాగానే ఆయన తనంతట తానే పక్కకు జరిగేవాడు. ఎవరూ చెప్పనక్కరలేదు. ఉస్తాద్ సంగతి విన్న రాత్రి నేను పాత ఫోటోలన్నీ బయటికి తీశాను. ఏ ఒక్కదానిలోనూ ఆయన లేడు. ఒకదానిలో మాత్రం, కుడి అంచున, ఖాళీ కుర్చీ వీపును పట్టుకొన్న నాలుగు వ్రేళ్ళు ఉన్నాయి. మా మేనల్లుడు ఫోనుతో చేసిన పనిని నేను ఏ యంత్రమూ లేకుండానే చేశాను. కాబట్టి ఈ టపా వాడిపై తీర్పు కాదు. ఒకే నేరం చేసిన ఇద్దరిలో పెద్దవాడి వాఙ్మూలం.

మన వ్రాతలలోనూ ఇదే జరుగుతున్నదని నా అనుమానం. మన బాల్యస్మృతులలో ఇల్లు, పెరడు, బావి, పండుగలు, పిండివంటలు పుటలకు పుటలు ఉంటాయి. బావిలోనుండి నీళ్ళు తోడినవారి పేరు ఎన్ని టపాలలో ఉన్నది? ‘ఇల్లు అలుకబడేది, ముగ్గులు వేయబడేవి.’ మీ పాత టపాలు ఒకసారి తెరచి చూచుకోండి. నేను నావి చూచుకొన్నాను, సిగ్గుపడ్డాను.

మా వాడు ఈ జనవరి 1 నుండి రెండవ యేడు వ్రతం మొదలుపెట్టాడు. మాఘం తరువాత ఒక వారం ఆగిపోయిందట. మళ్ళీ సాగించమని నేనే చెప్పాను. నియమం మాత్రం మార్చమన్నాను. ఏడు దినాలలో ఆరు దినాలు నీ యిష్టం. ఏడవనాడు కారును తాకిన ఒక మనిషిని అడిగి తీయి. పంక్చరు వేసినవాడు, పెట్రోలు పోసిన అమ్మాయి, టింకరింగు చేసినవాడు, సీటు కవర్లు కుట్టినవాడు. వారు ఒప్పుకొంటే క్రింద పేరు వ్రాయి. తీసిన బొమ్మను వారికి ఒకటి ఇయ్యి. యేడాదికి 52 బొమ్మలు. ఎవరి కొడుకో ఎప్పుడో వచ్చి అడిగితే, నికెలు కప్పులో వెదకనక్కరలేదు.

“చూస్తాను మామయ్యా,” అన్నాడు. ఒప్పుకొన్నాడని చెప్పలేను. మొండివాడు, మా చెల్లెలి కొడుకు. వాడి కండ్లకు ఇప్పటికీ ఖాళీ కారే అందంగా కనబడుతున్నదేమో. అయితే మొన్న ఒక బొమ్మ పంపించాడు. అదే షెడ్డు, అదే బానెట్టు. ఉస్తాద్ కొడుకు తండ్రి పానాను పట్టుకొని వంగి ఉన్నాడు. ముఖం సగమే కనబడుతున్నది, వెలుతురు సరిగా లేదు, మూలలో ప్లాస్టిక్ బకెట్టు అడ్డంగా పడింది. 365 బొమ్మలలో ఏ ఒక్కదానినీ నేను అచ్చు వేయించమని అడుగలేదు. దీనిని అడిగాను.

మీలో కెమెరా పట్టినవారు, కార్ల మోజు ఉన్నవారు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. పంతులు తనకు రాని విద్యలో తలదూర్చాడని మీకు అనిపిస్తే క్రింద వ్యాఖ్యలలో నిస్సంకోచంగా చెండాడండి. ఒక్కటే విన్నపం: మీ వాదం కర్తరి ప్రయోగంలో ఉండాలి.